విమానవిద్యలో బహుగురు విచారం

ఛాందోగ్యోపనిషత్తు చతుర్థాధ్యాయంలోని సత్యకామ జాబాలుని వృత్తాంతం పాఠక మహాశయులకు సుపరిచితమే. తన గోత్రమేదో తనకు తెలియదని దాపరికం లేకుండా చెప్పిన బాలుణ్ణి హారిద్రుమత గౌతముడు శిష్యునిగా స్వీకరించాడు. ఉపనయనం చేశాడు గాని వెంటనే ఉపదేశం చేయలేదు. కృశించిన నాలుగు వందల గోవులను అప్పగించి వాటి వెంట పొమ్మన్నాడు. అవి వేయి అయ్యేవరకు తిరిగి రానని బాలుడు సంకల్పించుకున్నాడు. చాలా ఏండ్లకు మంద వేయికి చేరింది. అప్పుడు ఒక వృషభం అతనికి బ్రహ్మతత్త్వంలో ఒక పాదాన్ని బోధించింది. తరువాత అగ్ని ఒక పాదాన్ని, హంస ఒక పాదాన్ని, మద్గువనే నీటిపక్షి ఒక పాదాన్ని బోధించాయి.

ఈ కథను ప్రవచనంలో చెప్పేటప్పుడు సాధారణంగా జబాల సత్యనిష్ఠ దగ్గరే మనమందరం ఆగుతాం. ఆగవలసిన చోటే అది. అయితే ఈ మధ్య నా మనస్సు మరొక చిన్న విశేషం మీద నిలిచింది. వృషభం తన పాదాన్ని చెప్పి ఊరుకోలేదు. తరువాతి పాదాన్ని అగ్ని చెబుతాడని సూచించి మరీ విరమించింది. అగ్ని హంసను సూచించాడు. హంస మద్గువును సూచించింది. నాలుగు పాదాలూ నా దగ్గరే ఉన్నాయని ఏ ఒక్క గురువూ అనలేదు. శిష్యుణ్ణి నడిదారిలో విడిచి ఏ ఒక్క గురువూ పోలేదు. ఆ నలుగురిలో ఇద్దరు పక్షులు కావడం నేను చెప్పబోయే లౌకిక విషయానికి చక్కగా అతికింది.

నా చెల్లెలి కుమారుడు విమానం నడపడం అభ్యసిస్తున్నాడు. వైదిక కుటుంబంలో ఇదేమి విద్య అని మా బంధువులలో కొందరు అన్నారు. పిల్లవానికి చిన్ననాటి నుండి అదే ధ్యాస. మా బావగారు గతించి నాలుగేళ్లయింది. చెల్లెలు తనకు మిగిలిన రెండెకరాల మాగాణిని తాకట్టు పెట్టి కుమారుణ్ణి మహారాష్ట్రలోని ఒక శిక్షణ సంస్థకు పంపింది. అక్కడ ఒక్కొక్క గంట ఎగరడానికి అయ్యే వ్యయం ఆలయంలో నాకు లభించే నెల సంభావనకు ఇంచుమించు సమానం. వృత్తి విమానచాలకుని అనుమతి కావాలంటే మన దేశంలో కనీసం 200 గంటలు ఎగిరి ఉండాలి. కనుక అక్కడ వృథాగా పోయే గంట ఏదైనా మా ఇంట్లో ఒక తల్లి గుండెల మీదుగా పోతుందని గ్రహించగలరు.

పద్నాలుగు గంటల శిక్షణ పూర్తయి, ఆ వారంలోనో పై వారంలోనో ఒంటరిగా ఎగురుతాడని అనుకుంటున్న తరుణంలో అతని శిక్షకుడు ఒక విమాన సంస్థలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఈ రంగంలో ఇది నిత్యం జరిగేదే. శిక్షకులలో చాలామంది యువకులు. గంటలు సంపాదించుకుని పెద్ద విమానాలకు పోతారు. అతని స్థానంలో వచ్చినవారు వాయుసేనలో పనిచేసి విరమించిన పెద్దవారు. ఆయన మొదటి రోజునే, "ఇప్పటిదాకా నేర్చుకున్నది కాస్త పక్కన పెట్టు" అన్నారట. సోలో వాయిదా పడింది. గంటలు పెరుగుతున్నాయి.

చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నువ్వు చెబితే వింటాడు. ఎవరో ఒక్కరి దగ్గరే నేర్చుకోమను. ఇద్దరి మాటలూ పట్టుకుంటే రెంటికి చెడ్డ రేవడి అవుతాడు" అన్నది.

సంప్రదాయజ్ఞులు చాలామంది ఇదే మాట అంటారు. గురువు ఒక్కడే ఉండాలని మన లోకంలో గాఢమైన విశ్వాసమున్నది. మంత్రదీక్ష విషయంలో ఆ విశ్వాసానికి ఆధారమున్నది. దానిని నేను శిరసా వహిస్తాను. కాని దీక్ష వేరు, అధ్యయనం వేరు. అధ్యయనంలో మన పూర్వులు ఎన్నడూ ఒకే గురువుకు పరిమితం కాలేదు. అర్జునుడికి విలువిద్యలో మొదట కృపుడు, పిదప ద్రోణుడు. స్వర్గంలో గానం నేర్పినవాడు చిత్రసేనుడనే గంధర్వుడు. భాగవత ఏకాదశ స్కంధంలో యదుమహారాజు ఎదుట అవధూత తన గురువులుగా లెక్కించినవారు ఇరవై నలుగురు. వారిలో పావురం, కురరపక్షి కూడా ఉన్నాయి. కాబట్టి చెల్లెలు కోరిన మాటను యథాతథంగా పిల్లవానికి చెప్పడానికి నా మనస్సు అంగీకరించలేదు.

దానికి నా సొంత చదువు కూడా ఒక కారణం. ఏడవ ఏట ఉపనయనమైన తరువాత మా తండ్రిగారు ఇంటి అరుగు మీదనే నాకు సంత చెప్పడం ఆరంభించారు. గురువు ఒకసారి చెప్పినదాన్ని శిష్యుడు రెండుసార్లు చెప్పడం సంత. ఆపైన యాభై పదాల ఖండమైన పనసను పనసగా వల్లె వేయాలి. నాన్నగారి గొంతు నెమ్మది. స్వరం మీద స్వరం పేర్చినట్లు ఉండేది. పదకొండవ ఏట పాఠశాలలో చేర్చారు. అక్కడి అధ్యాపకులు నేను చదివిన మొదటి ప్రశ్న విని, మళ్ళీ మొదటి పనస నుండి సంతకు కూర్చోబెట్టారు. ముఖ్యంగా దీర్ఘస్వరితం పట్టే తీరు మార్చుకోమన్నారు. నాన్నగారిని అవమానించినట్లు తోచి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు ఆయనే పిలిచి, "మీ నాన్నగారి పాఠం తప్పని నేను అన్నానటోయ్? అరుగు మీద నువ్వొక్కడివే చెప్పావు. ఇక్కడ పన్నెండు గొంతులు ఒక్కటిగా వినపడాలి" అన్నారు.

మూడవ గురువుగారు క్రమ, జటా పాఠాలు చెప్పినవారు. కావేరీ తీరంలో చదివి వచ్చారు. తైత్తిరీయారణ్యకంలోని పదవ ప్రశ్న, అనగా మహానారాయణోపనిషత్తు, ఆంధ్ర పాఠంలో 80 అనువాకాలు. ద్రావిడ పాఠంలో 64. ఈ పాఠభేదాలను సాయణాచార్యులు తమ భాష్యంలోనే ప్రస్తావించారు. మా ఇంట ఎనభై చెప్పుకున్న నేను, ఆయన నోట అరవై నాలుగు విని, రెంటిలో ఏది గ్రాహ్యమని అడిగాను. ఆయన పెద్దగా ఆలోచించలేదు. "మీ ఇంట అది, నా దగ్గర ఇది. రెండూ కలిపి మూడోదాన్ని మాత్రం తయారు చేయకు" అన్నారు. ముప్ఫై ఐదేండ్ల తరువాత ఆ మాటనే విమానాల గురించి చెప్పవలసి వస్తుందని అప్పుడు ఎవరు ఊహిస్తారు?

ఇక మేనల్లుని సమస్య. అతను రాత్రి పదింటికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. "మామయ్యా, ఒకాయన కాలు చివర్లో తొక్కమన్నారు. ఈయన ముందునుంచే తొక్కిపెట్టమంటున్నారు. నేల దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళకు ఎవరి మాట వినాలో తెలియడం లేదు" అన్నాడు. స్వరంలో విసుగు కన్న భయమే ఎక్కువ వినిపించింది. నాకు అర్థమయ్యేలా విడమరచి చెప్పమని అడిగాను. నేను గ్రహించినంతవరకు సంగతి ఇది.

విమానం దిగేటప్పుడు గాలి ఎదురుగా వస్తే సుఖం. ప్రక్కనుండి వస్తే అది విమానాన్ని రన్‌వే మీదనుండి ప్రక్కకు నెడుతుంది. దానికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, విమానం ముక్కును గాలి వచ్చే వైపు కొంత తిప్పి, రెక్కలు సమంగా ఉంచి, ఏటవాలుగా నడిచే ఎండ్రకాయలా రన్‌వే వైపు రావడం. చక్రాలు నేలను తాకబోయే ముందు పాదంతో రడ్డర్ తొక్కి ముక్కును రన్‌వే రేఖకు సరిచేయడం. రెండవది, గాలి వచ్చే వైపు రెక్కను కొద్దిగా వంచి, వ్యతిరేక పాదంతో ముక్కును మొదటినుండే రేఖలో నిలిపి, గాలివైపు చక్రం ముందుగా తాకేట్లు దిగడం. రెండూ శాస్త్రసమ్మతాలే, రెండూ పాఠ్యగ్రంథాలలో ఉన్నవే. మొదటి శిక్షకునిది మొదటి పద్ధతి. రెండవవారిది రెండవ పద్ధతి.

అంతటితో అయిపోలేదు. దిగేటప్పుడు వేగాన్ని ముక్కు ఎత్తడం దించడం ద్వారా, ఎత్తును ఇంజను శక్తి ద్వారా సరిచూసుకోవాలని ఒకరు చెప్పారు. ముక్కును దిగవలసిన చోటికే గురిపెట్టి, వేగాన్ని థ్రాటిల్‌తో సరిచూసుకోమని మరొకరు చెప్పారు. ఇది విమానచాలకులలో చాలా పాత వివాదమట. 1944లో వోల్ఫ్‌గాంగ్ లాంగవీష రచించిన స్టిక్ అండ్ రడ్డర్ అనే ప్రసిద్ధ గ్రంథం మొదటి పక్షాన్ని గట్టిగా సమర్థించింది. నిజానికి ఒకటి కదిపితే రెండవది కదలక తప్పదు. దేనిని ముందుగా చేతిలోకి తీసుకోవాలన్నదే తగవు. మీమాంసకుల తగవులు ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు.

అసలు ఈ విద్యకు ఒక క్రమమైన బోధనా సంప్రదాయం ఏర్పడినదే మొదటి ప్రపంచయుద్ధ కాలంలో. అంతవరకు ఎవరికి తోచినట్లు వారు నేర్పేవారు. యుద్ధభూమికి చేరకుండా శిక్షణలోనే మరణించినవారు అనేకులు. 1917లో ఇంగ్లండులోని గోస్పోర్ట్ అనే చోట రాబర్ట్ స్మిత్-బారీ అనే సైనికాధికారి ఒక పాఠశాలను నెలకొల్పి, ప్రతి కదలికకూ కారణం చెప్పి నేర్పడం, ప్రమాదకరమైన స్థితిలోకి కావాలని తీసుకువెళ్ళి దానినుండి బయటపడడం చూపించడం ఆరంభించాడు. ఇంజను హోరులో మాట వినపడదు కనుక గురువు నోటినుండి శిష్యుని చెవికి ఒక గొట్టం అమర్చారు. దానికి గోస్పోర్ట్ గొట్టమనే పేరు నిలిచింది. గురుముఖం నుండి శిష్యుని కర్ణానికి విద్య సంక్రమించడం మనకు కొత్త కాదు. వేదానికి శ్రుతి అనే పేరు అందుకే కదా. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా అరుగు గుర్తుకు వచ్చింది.

మేనల్లునికి ఆ రాత్రి నేను విమానశాస్త్రం చెప్పలేదు. చెప్పే అర్హత నాకు లేదు. మన శాస్త్రం చెప్పాను. శ్రుతిలోనే రెండు విధులు పరస్పరం భిన్నంగా కనిపించినప్పుడు మన పెద్దలు ఒకదానిని అబద్ధమనలేదు. సూర్యుడు ఉదయించిన తరువాత అగ్నిహోత్రం చేయమని ఒక విధి ఉన్నది. ఉదయానికి పూర్వమే చేయమని మరొక విధి ఉన్నది. మనుస్మృతి దీనినే ఉదాహరణగా చూపి, రెండూ ధర్మమేనన్నది. దీనిని వికల్పమంటారు. యాగంలో పురోడాశానికి వ్రీహులు వాడవచ్చు, యవలూ వాడవచ్చు. కాని ఒక ప్రయోగాన్ని వ్రీహులతో ఆరంభించినవాడు నడుమ యవలు కలపకూడదు. ఉదయానంతర హోమాన్ని స్వీకరించినవాడు బద్ధకించిన రోజున ఉదయపూర్వ హోమాన్ని ఆశ్రయించరాదు. వికల్పంలో స్వేచ్ఛ ఆరంభం వరకే.

"అంటే ఒక్కసారి దిగేటప్పుడు ఒక్క పద్ధతే అంటావా మామయ్యా?"

"అంతే నాయనా. ఏది మొదలుపెడితే అది పూర్తి చెయ్యి. కుదరకపోతే?"

"కుదరకపోతే మళ్ళీ పైకి లేచి తిరిగి రావాలి. అది ఇద్దరూ చెప్పారు."

"చూశావా, ఇద్దరూ చెప్పినది ఒకటి దొరికింది. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో ఈ రాత్రి కాగితం మీద రాయి."

రాశాడు. మర్నాడు చదివి వినిపించాడు. చక్రాలు తాకే క్షణంలో విమానం ముక్కు రన్‌వే రేఖలో ఉండాలి. ప్రక్కకు జారుతూ తాకకూడదు. నిర్ణీత వేగం తగ్గరాదు. సందేహం కలిగితే దిగరాదు. ఇలా ఏడో ఎనిమిదో తేలాయి. పాదం ఎప్పుడు తొక్కాలన్న భేదం ఆ జాబితా ప్రక్కన చాలా చిన్నదిగా కనిపించిందన్నాడు. మీమాంసలో ఏకవాక్యత చూడడమంటే దాదాపు ఇదే. భిన్న వాక్యాల తాత్పర్యం ఎక్కడ ఒక్కటవుతుందో వెదకి, అక్కడినుండి వెనుకకు వచ్చి భేదాలకు స్థానం కల్పించడం.

మరొక నియమం కూడా చెప్పాను. శ్రుతికి విరోధంగా ఉన్న స్మృతి ప్రమాణం కాదని జైమిని మహర్షి నిర్ణయం. విమానాన్ని తయారుచేసినవారు దానితోపాటు ఒక గ్రంథం ఇస్తారు. వేగాలు, బరువులు, హద్దులు అందులో ఉంటాయి. ఉదాహరణకు మేనల్లుడు నేర్చుకునే సెస్నా 172 విమానం 15 నాట్ల అడ్డగాలిలో దిగగలదని తయారీదారులు పరీక్షించి చూపినట్లు ఆ గ్రంథంలో ఉన్నది. అటువంటి చోట వికల్పం లేదు. ఇద్దరు శిక్షకుల మధ్య భేదం వస్తే వికల్పం కావచ్చు; శిక్షకునికీ ఆ గ్రంథానికీ భేదం వస్తే గ్రంథమే ప్రమాణం. దీనిని శిక్షకుని ముఖం మీద ఎలా అనాలని పిల్లవాడు భయపడ్డాడు. వినయంగా పేజీ తెరిచి అర్థం చెప్పమని అడగమన్నాను. అది ధిక్కారం కాదు, పరిప్రశ్న.

ఇంత చెప్పినా అతని మనస్సులో ముల్లు పోలేదు. కొత్త శిక్షకుడు పాతవాణ్ణి తీసిపారేశాడన్నదే ఆ ముల్లు. మొదటివాడు ఏ విమాన సంస్థలో చేరాడో కనుక్కుని, సెలవు రోజుల్లో వచ్చి నేర్పమని బతిమాలుకుంటానన్నాడు. లేదా సంస్థ మారుతానన్నాడు. అప్పుడు నాకు మా శాఖ పేరే గుర్తుకు వచ్చింది. యాజ్ఞవల్క్యుడు గురువైన వైశంపాయనునితో విరోధించినప్పుడు నేర్చిన యజుస్సులన్నీ కక్కి ఇచ్చివేయవలసి వచ్చిందని, తిత్తిరి పక్షుల రూపంలో తోటి శిష్యులు వాటిని గ్రహించారని, అందుకే మాది తైత్తిరీయమయిందని పురాణం. యాజ్ఞవల్క్యుడు సూర్యుణ్ణి ఆశ్రయించి మరొక యజుర్వేదాన్ని పొందాడు. అది మహర్షుల మాట. పద్నాలుగు గంటల పాటు కాళ్ళూ చేతులూ నేర్చుకున్నదాన్ని మానవమాత్రుడు కక్కలేడు. అది అక్కడే ఉంటుంది. దానిమీదనే రెండవ విద్య కూర్చోవాలి. కనుక తొందరపడవద్దని, దసరాకు నేను వస్తానని చెప్పాను.

నేను వెళ్ళడానికి ఒక నిమిత్తం కూడా దొరికింది. ఆ సంస్థలో ఏటా ఆయుధపూజ చేస్తారు. మేనల్లుడు నా సంగతి చెప్పాడు. రైల్లో ఒక రాత్రి, బస్సులో మూడు గంటలు. ఊరి చివర పొడవైన తారు రన్‌వే, దాని ప్రక్కన ఎండిన గడ్డి, గాలి దిశ చూపే ఎర్ర చారల గుడ్డసంచి. నాలుగు చిన్న విమానాలను వరుసగా నిలిపారు. అంత అల్పమైన శరీరంతో అది మనిషిని మోసుకుపోతుందంటే నాకు గరుత్మంతుని కన్న పిచ్చుకే గుర్తుకు వచ్చింది. పసుపు, కుంకుమ, పూలదండ, దీపం. కొబ్బరికాయ దూరంగా నేలమీద కొట్టించారు. ఇంజనీరుగారు నా వెంటే తిరుగుతూ రెక్క కింద ఉన్న ఒక సన్నని గొట్టాన్ని చూపి, అక్షతలు అటు పడకుండా చూడమని చేతులు జోడించారు. గాలి ఆ గొట్టం నోటిలోకి తోసే ఒత్తిడిని బట్టే వేగం తెలుస్తుందట. ఒక్క గింజ అడ్డుపడినా వేగం తప్పు చూపవచ్చునట. ఇన్నేళ్ళ అర్చకత్వంలో అక్షతలు ఇంత జాగ్రత్తగా ఎన్నడూ చల్లలేదు.

పూజ ముగిశాక ఆ పెద్ద శిక్షకులు ప్రసాదం తీసుకుని నా ప్రక్కన కూర్చున్నారు. మహారాష్ట్రులే గాని హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వైమానిక అకాడమీలో చాలాకాలం శిక్షణ ఇచ్చినందున తెలుగు బాగానే మాట్లాడతారు. నేను ఏమీ అడగకముందే, "పండిత్‌జీ, మీ పిల్లవాడు నా మీద కోపంగా ఉన్నాడు" అన్నారు నవ్వుతూ.

గురువుల భేదం గురించి అడిగాను. ఆయన సూటిగా బదులివ్వలేదు. విమానంలో రెండు జతల కంట్రోల్స్ ఉంటాయని, శిష్యుని ముందు ఒకటి, శిక్షకుని ముందు ఒకటి ఉంటుందని చెప్పారు. శిక్షకుడు స్వీకరించేటప్పుడు, "ఐ హావ్ కంట్రోల్" అని నోటితో అనాలి. శిష్యుడు చేతులు తీసి, "యూ హావ్ కంట్రోల్" అని నోటితో అనాలి. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా అంతే. ఏ క్షణంలోనైనా విమానం ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఇద్దరూ పట్టుకుంటే ఒక ప్రమాదం. అతను పట్టుకున్నాడని ఇతను, ఇతను పట్టుకున్నాడని అతను అనుకుని ఇద్దరూ వదిలేస్తే మరింత ప్రమాదం. "శిక్షకులు మారినప్పుడు కూడా అంతే పండిత్‌జీ. పద్ధతులు వేరైతే నాకు భయం లేదు. ఇది అతను నేర్పే ఉంటాడని నేను, తరువాత వచ్చేవాడు నేర్పుతాడని అతను అనుకున్న పాఠం ఒకటి మధ్యలో జారిపోతుంది చూడండి, దానికి భయపడతాను."

తరువాత లోపలికి వెళ్ళి మేనల్లుని శిక్షణ పుస్తకం తెచ్చారు. ప్రతి ఎగురుడు తరువాత శిక్షకుడు అందులో తన అభిప్రాయం రాసి సంతకం చేస్తాడు. చివరి పేజీలో మొదటి శిక్షకుని చేతిరాత. గాలి ఎడమనుండి వచ్చినప్పుడు బాగున్నదని, కుడినుండి వచ్చినప్పుడు పాదం ఆలస్యమవుతున్నదని రాశాడు. ఆ కింద, నేను ఇతనికి అలవాటు పడ్డాను, సోలోకు ముందు వేరొక శిక్షకుడు తప్పక చూడాలని రాశాడు.

"ఆయన మంచి శిక్షకుడు" అన్నారు పెద్దాయన. "ఎక్కడ ఆపాడో రాసి వెళ్ళాడు. పాదం ఆలస్యమయ్యే పిల్లవాడికి చివరి క్షణంలో తొక్కే పద్ధతి కష్టం. అందుకే ముందునుంచే తొక్కిపెట్టే పద్ధతి ఇచ్చాను. పాదం మేలుకొన్నాక రెండూ కలిపి చూపిస్తాను. దూరంలో అది, దగ్గరలో ఇది. మేమందరం చివరికి చేసేది అదే. మొదట్లోనే కలిపితే పాడవుతుంది."

"మరి నేర్చినది పక్కన పెట్టమన్నారట?"

"అతను ఏమీ గుర్తు చేసుకోకుండా నడిపితే ఏం మిగిలి ఉందో చూడాలి కదా. మిగిలింది చాలానే ఉంది. అదంతా మొదటాయన పుణ్యమే. పిల్లవాడికి మొహం మీద చెబితే పొంగిపోతాడని చెప్పలేదు."

మేనల్లుడు మా వెనుకనే నిలబడి అంతా విన్నాడు. ఆ పుస్తకం అతనిదే. ప్రతి పేజీలో అతని సంతకమూ ఉన్నది. కాని ఉద్యోగానికి వెళ్ళిపోతున్న గురువు చివరగా రాసిన ఆ రెండు వాక్యాలను అతను ఆ క్షణం వరకు చదవలేదు. గుడ్డసంచి వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. వృషభం అగ్నిని సూచించి విరమించిన చోటు నాకు అక్కడ కనిపించింది. రైలు ఎక్కేవరకు నేను ఆ ప్రస్తావన మళ్ళీ తేలేదు.

కార్తీకంలో ఒక ఉదయం, నేను మహాన్యాసం ముగించి వచ్చేసరికి చెల్లెలు ఫోన్. పిల్లవాడు ఒంటరిగా ఎగిరి దిగాడు. కాసేపటికి అతనే మాట్లాడాడు. "ప్రక్కన మనిషి బరువు లేకపోయేసరికి విమానం అనుకున్నదానికన్న ముందే లేచింది మామయ్యా. దిగేటప్పుడు నేల మీద తేలుతూ ఉండిపోయింది. ఎవరూ చెప్పలేదా అంటే ఇద్దరూ చెప్పారు. చేతికి తెలియడానికి ఈరోజు దాకా పట్టింది." అడ్డగాలికి ఏ పద్ధతి అవలంబించావని నేను ఉత్సాహంగా అడిగాను. ఆ రోజు గాలే లేదట. మొదటి సోలోకు అటువంటి రోజునే ఎంచుతారట. ఇన్ని నెలల వికల్పచర్చ ఏమైపోయిందని ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు అతనికి మూడవ శిక్షకురాలు. బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలను మాత్రమే చూసి నడపడం ఆమె నేర్పుతున్నది. మొదటి ఇద్దరూ చూపు బయట క్షితిజం మీద ఉంచమన్నారు; శరీరం చెప్పేది గమనించమన్నారు. ఈమె చూపు లోపలే ఉంచమంటుంది. శరీరం చెప్పేది బొత్తిగా నమ్మవద్దంటుంది. మబ్బులో చెవిలోని సమతౌల్యం మోసగిస్తుంది. వంపు తిరుగుతున్నా సమంగా ఉన్నట్లు తోస్తుంది. ఈసారి మేనల్లుడు రాత్రి పదింటికి ఫోన్ చేయలేదు. వారం తరువాత మాటల సందర్భంలో తానే చెప్పాడు. క్షితిజం కనిపించేంతవరకు వారి మాట, కనిపించనప్పుడు ఈమె మాట అని అర్థం చేసుకున్నాడట. దీనిని మన శాస్త్రంలో వ్యవస్థిత వికల్పమంటారని, పరిస్థితి భేదాన్ని బట్టి ఏ విధి ఎక్కడ వర్తిస్తుందో ముందే నిర్ణయమై ఉంటుందని నేను చెప్పబోయాను. అతను అప్పటికే వాతావరణ సూచన చదవడానికి వెళ్ళాలన్నాడు.

సత్యకాముని కథలో చివరి భాగం ఒకటి మిగిలింది. నలుగురి దగ్గర నాలుగు పాదాలూ నేర్చి తిరిగివచ్చినవాణ్ణి చూసి, బ్రహ్మవిదునిలా వెలుగుతున్నావు, నీకెవరు బోధించారని గౌతముడు అడిగాడు. మనుష్యులు కానివారని శిష్యుడు చెప్పాడు. అయినా మీరే నాకు బోధించాలని కోరాడు. గౌతముడు అసూయపడలేదు, చిన్నబుచ్చుకోలేదు. అదే విద్యను మళ్ళీ చెప్పాడు. అందులో ఏదీ విడువలేదని ఉపనిషత్తు ప్రత్యేకంగా పేర్కొన్నది. దుండిగల్ పెద్దాయన భయపడిన ఆ జారిపోయే పాఠం గురించి విన్న తరువాత, ఏదీ విడువలేదన్న ఆ మాటను శ్రుతి ఎందుకు అంత శ్రద్ధగా చెప్పిందో నాకు మరికొంత స్పష్టమయింది.

చెల్లెలు మొన్న సంక్రాంతికి సున్నుండలు చేసింది. గురుదక్షిణ ఎవరికి పంపాలని అడిగింది. ముగ్గురికీ అన్నాను. రెండు డబ్బాలు చేరాయి. మూడవది మా ఇంట్లో అటక మీదనే ఉన్నది. మొదటి శిక్షకుడు ఇప్పుడు ఏ ఊరిలో ఉంటున్నాడో మేనల్లుడు కనుక్కుంటున్నాడు.